జూదరి దోషం, సభ మౌనం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల పల్లెల్లో ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ల ముందు జరిగే భారత ఉత్సవాల్లో, పగలు హరికథగా విన్న ఘట్టాన్నే రాత్రి వీధినాటకంగా, అంటే ఆరుబయట తెల్లవార్లూ సాగే ఆటగా, జనం మళ్లీ చూస్తారు. ఆ ఘట్టాల్లో ఈ సంచిక పరిశీలనకు తీసుకున్నది ద్రౌపదీ వస్త్రాపహరణం.

తమ్ముళ్లనూ, తననూ, చివరకు భార్యనూ ఒడ్డి ఓడిన ధర్మరాజు దోషం వ్యక్తిగతమైనది. తల వంచుకున్న అతని మౌనం దానికి ఒప్పుకోలు. అయితే తన్ను తానే ఓడినవాడికి తనను ఒడ్డే హక్కు ఎక్కడిదని ద్రౌపది నిలదీసింది భర్తనొక్కడినే కాదు, నిండు సభను. ధర్మం సూక్ష్మమంటూ భీష్ముడు తప్పుకోగా, విదురుడూ, కౌరవుల్లో ఒకడైన వికర్ణుడూ తప్ప సభికుల్లో ఆమె పక్షాన వాదించినవారు లేరు. సోఫోక్లిస్ ఈడిపస్ నాటకంలో రాజు చేసిన పాపానికి నగరమంతా తెగులు పాలవుతుంది. ఇక్కడ సభే నిందితుల వరుసలో నిలుస్తుంది. పైగా ప్రేక్షకులు నేలమీదే చుట్టూ కూర్చునే ఈ ఆటలో సభ ఎక్కడ ముగిసి ఊరు ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం, తెర కట్టిన నాటకశాలకు ఈ సౌలభ్యం లేదు.

చివరి రోజున మట్టితో మలచి పడుకోబెట్టిన దుర్యోధనుడి విగ్రహం తొడను భీమ వేషధారి గదతో కొట్టాక, ద్రౌపది వేషధారి జుట్టు ముడుస్తుంది. దుర్యోధనుడి లెక్క అక్కడ తీరుతుంది గాని, నోరు మెదపని సభికుల లెక్క తీరదు. ఈ సంచిక వ్యాసాలు ప్రధానంగా ఆ బాకీ గురించే.