ఇంకేం కొంటారు?

మన వార్షికోత్సవం సైన్సు ప్రదర్శనలో ఓ మూల నిలబెట్టిన రోబోను ఈపాటికి మీరు చూసే ఉంటారు. అది గది ఊడ్వదు, లెక్కలు చెయ్యదు. చెయ్యి ముందుకు చాపి "ఇంకేం కొంటారు?" అని అడుగుతుంది. అంతే. "ఇదేం సైన్సురా?" అని నవ్విన వారికి జవాబుగా ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

దాని ఒళ్ళు టీవీ అట్టపెట్టె. పాదాలు మైపాడు తీరంలో అలలు ఒడ్డుకు కొట్టిన ఒంటి చెప్పులు, రెండూ ఎడమకాలివే. పాత ఇనుప సామాన్ల కొట్టులో దొరికిన లారీ వైపరు మోటారు, బైకు బ్యాటరీ 12 వోల్టులతో గుండ్రంగా తిరుగుతుంటే, దానికి బిగించిన కడ్డీ చేతిని ముందుకీ వెనక్కీ ఆడిస్తుంది. గొంతు మెమొరీ కార్డు పెట్టే చిన్న స్పీకరు. ఇక చర్మమంతా షాంపూ ప్యాకెట్లే! మన స్నానాల గదుల వెనక ఏరినవి.

ఈ ప్యాకెట్ల సంగతి కొంచెం చెప్పాలి. మన సముద్రం వెంబడే దక్షిణానికి పోతే కడలూరు వస్తుంది. అక్కడ 1983లో మొదలైన చిక్ షాంపూ చిన్న ప్యాకెట్లతోనే పల్లెలకు చేరింది. సీసా కొనలేని వారికి అది మేలే చేసింది. మనకొచ్చే కాస్మెటిక్ చార్జీలతో సీసాలు కొంటామా? కానీ రేకునూ ప్లాస్టిక్కునూ పొరలుగా అతికించిన ఆ ప్యాకెట్టును విడదీసి కరిగించడం కష్టం. అందుకే చెత్త ఏరుకునేవారు కూడా దాన్ని వదిలేస్తారు.

రోబో అనే మాట చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన నాటకంతో లోకానికి తెలిసింది. మాట అందించింది ఆయన అన్న జోసెఫ్. దానికి మూలమైన 'రొబొత' అంటే దొర పొలంలో తప్పనిసరిగా చెయ్యాల్సిన చాకిరి. మన తాతలు దాన్నే వెట్టి అన్నారు. ఇది తెలిశాక రోబో నాకు పరాయిదిగా అనిపించలేదు.

పనికిరాని రోబోను చేసినవాళ్ళలో మనమే మొదటివాళ్ళం కాము. కొరియాలో పుట్టిన నామ్ జూన్ పైక్ 1964లో కె-456 అనే రోబోను తయారుచేశాడు. అది న్యూయార్కు వీధుల్లో నడుస్తూ కెన్నెడీ ఉపన్యాసం వినిపించేది, వెనకనుంచి బీన్స్ గింజలు రాల్చేది! 1982లో దాన్ని రోడ్డు మీద కావాలనే కారుతో గుద్దించి, ఇరవై ఒకటో శతాబ్దపు తొలి ప్రమాదం ఇదేనన్నాడు. మన తెనాలిలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర తుక్కు ఇనుముతో నాయకుల విగ్రహాలు చేస్తారు. 2021లో 14 అడుగుల మోదీ విగ్రహం చేశారు. వారి తుక్కు దండలు వేయించుకుంటుంది, మాది వెక్కిరిస్తుంది.

అయితే ఎవరిని వెక్కిరించాలి? ఇక్కడే మేము తప్పు చేశాం. మొదట రోబోకు పాత చీర చుట్టి, మెడలో వాయిదాల చీటీ తగిలించి, "ఇంకేం కొందాం?" అనిపించాం. మాకు వండిపెట్టే పెద్దమ్మ చూసి, "ఏందబ్బయా, నన్ను చేశారా? టీవీకి వాయిదాలు కట్టేది నేనొక్కదాన్నేనా?" అంది. నవ్వుతూనే అంది గానీ, మా ముఖాలు మాడిపోయాయి.

ఆ రాత్రి గదిలో పెద్ద గొడవ. వ్యంగ్యమంటే ఎవరో ఒకరికి తగలక తప్పదని ఒక మిత్రుడి వాదన. నేను ఒప్పుకోలేదు. మన పెద్దలు కాళ్ళకు చెప్పులేసుకుని ఊరి నడివీధిలో నడవలేని రోజులున్నాయి. అంబేద్కర్ గారు సూటు వేసుకున్నది షోకు కోసమేనా? మన ఇళ్ళలోకి వచ్చిన కలర్ టీవీ వట్టి సరుకే కాదు. ఇంకొకరి గుమ్మం బయట నిలబడి సినిమా చూసినవాళ్ళకు దాని విలువ తెలుసు. ఆశపడి కొన్న తల్లిని నవ్వులపాలు చెయ్యడం తేలిక. వాయిదా తప్పిన నాడు వీధంతా వినేలా ఆమెను పేరుపెట్టి అరిచేవాణ్ణి, నల్లపిల్లకు తెల్లతోలు ఆశ చూపి క్రీము అమ్మేవాణ్ణి వెక్కిరించాలంటేనే కాస్త ధైర్యం కావాలి.

చివరికి చీర విప్పేసి టై కట్టాం. చాచిన చేతిలో రసీదు పుస్తకం పెట్టాం. 'కొందాం' చెరిపి 'కొంటారు' అని మళ్ళీ రికార్డు చేశాం. పెద్దమ్మ వచ్చి చూసి, "ఇప్పుడు వాడి మాదిరే ఉండాడు" అంది. ఎవడి మాదిరో మేము అడగలేదు.

మోటారు తిరిగినప్పుడల్లా ఆ టై మాత్రం పక్కకు జారిపోతోంది. చూడ్డానికి వచ్చేటప్పుడు ఎవరైనా రెండు పిన్నీసులు తెచ్చిపెట్టండి.