ప్రదర్శనా క్షేత్రాల నివేదికల్లో మధ్యగతానికీ చోటు ఉండాలి

కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాలు రైతుల పొలాల్లో నిర్వహించే ప్రథమ శ్రేణి ప్రదర్శనలు, చిరుసంచి ప్రయోగాల ఫలితాలు సాధారణంగా ఒకే సంఖ్య రూపంలో వెలువడుతున్నాయి. అది సగటు దిగుబడి. పరిశోధనా స్థానంలోని మడులు ఒకే నేలలో, ఒకే యాజమాన్యం కింద ఉంటాయి కనుక అక్కడ సగటు చాలావరకు నమ్మదగిన కొలతే. రైతుల పొలాల సంగతి వేరు. నేల లోతు, విత్తిన తేదీ, నీటి వసతి, పెట్టుబడి శక్తి ఒక పొలానికీ మరొక పొలానికీ మారిపోతాయి. ఐదు, ఏడు లేదా పది మంది రైతులకే పరిమితమైన చిన్న దత్తాంశంలో ఒకే ఒక్క రైతు ఫలితం సగటును తనవైపు లాగివేయగలదు. ఆ సగటు ఆధారంగా చేసిన సిఫారసు మిగిలిన రైతులకు నష్టం తెచ్చిపెట్టవచ్చు. అందువల్ల ఇటువంటి నివేదికల్లో సగటుతో పాటు మధ్యగతాన్ని కూడా ప్రకటించడం నియమం కావాలి.

ఒక ఊహాత్మక ఉదాహరణను పరిశీలించవచ్చు. ఏడుగురు రైతులు తమ పొలంలో ఒక భాగంలో మెరుగైన కంది రకాన్ని సిఫారసు చేసిన యాజమాన్యంతోనూ, మరొక భాగంలో స్థానిక రకాన్ని అలవాటైన పద్ధతిలోనూ సాగు చేశారనుకుందాం. ఎకరాకు వచ్చిన అదనపు దిగుబడి కిలోలలో వరుసగా 50, -10, 270, 40, 40, 20, 10. వీటి మొత్తం 420, సగటు 60 కిలోలు. మధ్యగతం కనుగొనడానికి ముందుగా విలువలను ఆరోహణ క్రమంలో అమర్చాలి: -10, 10, 20, 40, 40, 50, 270. రాశుల సంఖ్య ఏడు, అంటే బేసి. కనుక నాలుగవ విలువ మధ్యగతం, అంటే 40 కిలోలు. క్రమంలో అమర్చకుండా పట్టికలో నడుమ ఉన్న అంకెను తీసుకోవడం విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు. అదేవిధంగా రెండు రకాల మధ్యగతాలను వేర్వేరుగా కనుగొని వాటి భేదాన్ని చూపడం కూడా సరికాదు. ప్రతి రైతు పొలంలోని భేదాన్ని ముందు లెక్కించి, ఆ భేదాల మధ్యగతాన్ని తీసుకోవాలి.

ఈ 20 కిలోల తేడా కేవలం గణితానికి సంబంధించినది కాదు. 2025-26 సంవత్సరానికి కందికి ప్రకటించిన కనీస మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు. ఆ లెక్కన 60 కిలోల విలువ 4,800 రూపాయలు, 40 కిలోల విలువ 3,200 రూపాయలు. కొత్త పద్ధతికి ఎకరాకు అదనంగా 3,600 రూపాయలు ఖర్చయిందనుకుంటే, సగటు ప్రకారం 1,200 రూపాయల లాభం, మధ్యగతం ప్రకారం 400 రూపాయల నష్టం. వాస్తవానికి ఏడుగురిలో ఐదుగురికి అదనపు ఖర్చు తిరిగి రాలేదు. అయినా సగటును మాత్రమే చూపే నివేదిక ఈ పద్ధతిని లాభదాయకమని పేర్కొంటుంది. ఆ మాటను నమ్మి ముందుగానే కౌలు ఒప్పుకొనే రైతుకు ఈ పొరపాటు అప్పుగా మిగులుతుంది.

మధ్యగతం వ్యవసాయ రంగానికి కొత్తది కాదు. ఇంగ్లండులోని ప్లిమత్‌లో జరిగిన పశు ప్రదర్శనలో ఒక ఎద్దు మాంసం బరువు ఎంత తూగుతుందో ఊహిస్తూ సందర్శకులు రాసిన 787 చీటీలను ఫ్రాన్సిస్ గాల్టన్ 1907లో విశ్లేషించారు. ఆయన ఎంచుకున్న కొలత మధ్యగతమే. అది 1,207 పౌండ్లు కాగా అసలు బరువు 1,198 పౌండ్లు. అతిగా ఊహించినవారు ఫలితాన్ని తమవైపు లాగకూడదన్నది ఆయన వాదన. ప్రదర్శనా క్షేత్రాలకూ ఇదే న్యాయం వర్తిస్తుంది. సగటులో క్వింటాళ్లు మాట్లాడితే, మధ్యగతంలో ప్రతి రైతుకూ ఒక్కో ఓటు ఉంటుంది.

పంట పూర్తిగా పోయిన పొలాల విషయంలో మధ్యగతం మరింత ఉపయోగకరం. పై ఉదాహరణలో ఎనిమిదవ రైతు పొలంలో స్థానిక రకం నిలిచి, కొత్త రకం ఎండు తెగులుతో నశించిందనుకుందాం. కోత జరగలేదు కనుక అటువంటి పొలాన్ని లెక్క నుండి తొలగించే అవకాశం ఎక్కువ. అప్పుడు సగటు 60 కిలోలుగానే మిగులుతుంది, వైఫల్యం మాత్రం కనుమరుగవుతుంది. మధ్యగతానికి ఆ రైతు నష్టం ఎన్ని కిలోలో కచ్చితంగా తెలియనవసరం లేదు. అది అన్నిటికంటే తక్కువ అని తెలిస్తే చాలు, వరుసలో మొదటి స్థానంలో చేరుతుంది. ఇప్పుడు రాశులు ఎనిమిది, అంటే సరి సంఖ్య. కనుక నాలుగవ, ఐదవ విలువలైన 20, 40ల సగటు, అంటే 30 కిలోలు మధ్యగతమవుతుంది.

అయితే 270 కిలోలు అదనంగా పొందిన రైతును పక్కన పెట్టడం మధ్యగతం ఉద్దేశం కాదు. ఆయన పూత దశలో ఒకటి, కాయ దశలో ఒకటి చొప్పున రెండు తడులు ఇచ్చి ఉంటే, ఆ రకం ఆధిక్యం నీటితోనే బయటపడుతున్నదేమో పరిశీలించాలి. అది నిజమైతే నీటి వసతి ఉన్నవారికి ఒక సిఫారసు, వర్షాధారం రైతులకు మరొక సిఫారసు అవసరమవుతాయి. సగటు ఈ రెండు పరిస్థితులనూ కలిపివేసి ఎవరికీ చెందని సంఖ్యను ఇస్తుంది.

మధ్యగతానికీ పరిమితులు ఉన్నాయి. జిల్లా మొత్తం ఉత్పత్తిని అంచనా వేయాలంటే విస్తీర్ణాన్ని సగటు దిగుబడితోనే గుణించాలి. మధ్యగతం అందుకు పనికిరాదు. రాశులు మరీ తక్కువైతే మధ్యగతమూ నిలకడగా ఉండదు. రైతులను యాదృచ్ఛికంగా ఎంపిక చేసినట్లయితే, ప్రతి ఫలితం ఆ ప్రాంతపు నిజమైన మధ్యగతానికి పైన లేదా కింద ఉండే అవకాశం చెరిసగం. ఏడుగురూ ఒకే వైపున ఉండే అవకాశం 64లో 1 మాత్రమే. అంటే ఏడుగురి కనిష్ఠ, గరిష్ఠ విలువల మధ్య నిజమైన మధ్యగతం ఉండే అవకాశం 98 శాతానికి పైమాటే. ముగ్గురే ఉంటే అది 75 శాతానికి పడిపోతుంది. చురుకైన రైతులనూ, రోడ్డు పక్క పొలాలనూ ఏరి కోరి ఎంపిక చేసిన చోట ఈ భరోసా కూడా వర్తించదు.

అందువల్ల పదిహేను మంది కంటే తక్కువ రైతులతో నిర్వహించిన ప్రతి ప్రదర్శన నివేదికలోనూ సగటు, మధ్యగతం, కనిష్ఠ, గరిష్ఠ విలువలు, అదనపు ఖర్చు తిరిగి రాబట్టుకున్న రైతుల సంఖ్య తప్పనిసరిగా ఉండాలి. పంట పోయిన పొలాలను లెక్కలోనే ఉంచాలి. విద్యార్థులు తమ సిద్ధాంత గ్రంథాల అనుబంధంలో రైతువారీ విలువలను పూర్తిగా ఇవ్వాలి. దీనికి అదనపు వ్యయం గానీ, కంప్యూటర్ ప్రోగ్రాం గానీ అవసరం లేదు. ఏడు అంకెలను వరుసలో పెట్టి, నాలుగవదాన్ని గుర్తిస్తే చాలు.