సరూర్‌నగర్ స్తంభం



మన ఇళ్ళలో పెద్దవారు ఇప్పటికీ అప్పుడప్పుడు “దక్కన్ రేడియో” అని తలచుకుంటూ ఉంటారు. హైదరాబాదు సంస్థానంలో తొలి రేడియో కేంద్రం అదే. ఈ నెల దాని సంగతి తెలుసుకుందాం.

1930ల ఆరంభంలో మహబూబ్ అలీ అనే ఆయన హైదరాబాదులో ఆబిడ్స్ దగ్గర చిరాగ్ అలీ వీధిలో ఒక చిన్న ప్రసార యంత్రం పెట్టారు. దాని శక్తి 200 వాట్లు. అంటే రెండు వంద వాట్ల బల్బులు వెలగడానికి ఎంత కావాలో అంతే! నగరం దాటితే వినబడటం కష్టమే. 1935 ఫిబ్రవరి నాటికి అది నిజాం ప్రభుత్వం చేతిలోకి వచ్చింది. ప్రభుత్వానికి మాత్రం తన మాట జిల్లాలకూ చేరాలని కోరిక. అందుకని 1939లో సరూర్‌నగర్‌లో 5 కిలోవాట్ల కేంద్రం నెలకొల్పారు. పాతదానికి ఇరవై అయిదు రెట్లు. ప్రసారం 411 మీటర్ల మీద.

ఊరి బయటే ఎందుకు? మీడియం వేవ్‌కు ఎత్తయిన స్తంభం, చుట్టూ ఖాళీ నేల కావాలి. పగటిపూట ఆ తరంగాలు నేలను అంటిపెట్టుకుని పోతాయి, దూరం పోయేకొద్దీ బలం తగ్గుతుంది. చీకటి పడ్డాక ఆకాశంలో ఎంతో ఎత్తున ఉన్న ఒక పొరను తాకి తిరిగి భూమి మీదికి వస్తాయి. అందువల్ల పగలు గరగరలాడే స్టేషను రాత్రి భోజనాల వేళకు స్పష్టంగా పలుకుతుంది. మన చిన్న రేడియోలలోనూ ఈ వింత చూశాం కదా!

అయితే వినేవారెవరు? ఆ రోజుల్లో వాల్వుల సెట్లు, కరెంటు లేని ఊళ్ళలో బరువైన బ్యాటరీలు. కూలినాలి చేసుకునేవారికి అందే వస్తువు కాదు. పైగా సంస్థానంలో దాదాపు సగం మంది తల్లి భాష తెలుగు, రేడియోలో మాత్రం పెద్దపీట ఉర్దూది. తెలుగు, మరాఠీ, కన్నడాలకు దక్కింది కొద్ది సమయమే. నా మట్టుకు నాకు ఆ కేంద్రం చరిత్రలో అన్నిటికంటె బాధ కలిగించే విషయం ఇదే.

1947 సెప్టెంబరు 2న మన పరకాలలో భారత జాతీయ పతాకం ఎగురవేయడానికి చుట్టుపక్కల పల్లెల నుండి జనం ఊరేగింపుగా వచ్చారు. నిజాం పోలీసులు, రజాకార్లు కాల్పులు జరిపారు. పదిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఆనాడు రేడియో ఉన్నది పాలకుల చేతిలో. పరకాల గోడు చెప్పుకోవడానికి ప్రజలకు మైకు లేదు, నోటి మాటే దిక్కు. ఆ అమరుల జ్ఞాపకంగా తరువాతి కాలంలో పరకాలలో అమరధామం కట్టారు.

ఏడాది తిరిగింది. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలోకి ప్రవేశించింది. 17వ తేదీ సాయంకాలం నిజాం నవాబు స్వయంగా దక్కన్ రేడియోలో మాట్లాడి తన సేనలు యుద్ధం ఆపుతున్నట్లు ప్రకటించారు. ప్రసంగం ఇంగ్లీషులో సాగింది. పల్లెలో ఎవరింట్లోనైనా సెట్టు ఉన్నా, చదువుకున్నవారు అర్థం చెబితేగాని తెలియదు. అయినా సంగతి పాకిపోయింది.

1950 ఏప్రిల్ 1న దక్కన్ రేడియోను భారత ప్రభుత్వం తీసుకుంది. కాలక్రమంలో అదే ఆకాశవాణి హైదరాబాదు కేంద్రమైంది. పాత 730 కిలోహెర్ట్జ్ 1978లో 738కి జరిగింది. ట్రాన్సిస్టర్లు చౌక అయ్యాక రైతులు పొలం గట్టు మీద కూడా రేడియో పెట్టుకుని వినగలిగారు. 1990లో వరంగల్లులోనే ఆకాశవాణి కేంద్రం వచ్చింది. పరకాలకు అది నలభై కిలోమీటర్ల లోపే.