ఆరుగురు మిత్రులు... ఒక టూరు!

నలుగురు స్నేహితులు కలిసి సినిమాకి వెళ్లాలంటేనే నాలుగు వారాలు పడుతుంది. అలాంటిది అరవైకి అటూ ఇటూగా ఉన్న ఆరుగురు నాలుగు రోజుల విహారయాత్ర తలపెడితే? అందులో గోల్ఫూ ఉండాలి, చేపల వేటా ఉండాలి అంటే? హన్మకొండలో ఓ మిత్రబృందం రెండు నెలలుగా ఆ పనిమీదే ఉంది. ఇంకా సూట్‌కేసు మాత్రం ఎవరూ దించలేదు.

ఆలోచన పుట్టింది డల్లాస్‌లో. ఆరుగురిలో ఒకాయన అక్కడ స్థిరపడి ముప్పై ఏళ్లు దాటింది. శనివారం వస్తే గోల్ఫు, ఆదివారం వస్తే సరస్సు ఒడ్డున గాలం. ‘డిసెంబర్ల వస్తున్న. ఈసారి పెండ్లిళ్లు, పేరంటాలు వద్దు. మనం ఆరుగురమే. పొద్దున గోల్ఫు, సాయంత్రం చేపలు’ అని వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఐదు నిమిషాల్లో ఐదు బొటనవేళ్లు లేచాయి. వేలు ఎత్తడానికేం, ఖర్చు కాదుగా!

ఎక్కడికి అన్న దగ్గర మొదలైంది తంటా.

గోల్ఫూ చేపలూ ఒకేచోట కావాలంటే మనదేశంలో మొదట గుర్తొచ్చేవి కొండ ఊళ్లే. బ్రిటిష్ వాళ్లు ఎండకు తాళలేక కొండెక్కారు. ఎక్కినవాళ్లు ఊరుకోలేదు. ఇంటిమీది బెంగతో పచ్చికలో గుంతలు తవ్వి గోల్ఫు ఆడారు, చల్లటి సెలయేళ్లలో తమ దేశపు ట్రౌట్ చేపలు వదిలారు. కశ్మీరులోని పహల్గాంలో లిడ్డర్ నది ట్రౌట్‌కు పేరు, గోల్ఫు కోర్సూ ఉంది. ఊటీలోనూ అంతే. ఆ పక్కనే అవలాంచిలో ట్రౌట్ పిల్లల్ని పెంచే కేంద్రం 1907 నాటిది. డల్లాస్ మిత్రుడి ఓటు ఊటీకే పడింది. కానీ ఊటీ ఎత్తు ఏడువేల అడుగుల పైమాట. డిసెంబరు చలి సరేసరి. బృందంలో స్టెంటు వేయించుకున్న ఆయన ఒకరున్నారు. ‘నేను వస్తగానీ నా కార్డియాలజిస్టును మీరే ఒప్పియ్యాలె’ అన్నాడు. ఊటీ అక్కడితో ఆగింది.

కావేరి ఒడ్డున భీమేశ్వరి అన్నారు ఇంకొకరు. ఒకప్పుడు మహాశీర్ చేప కోసం విదేశాల నుంచీ వేటగాళ్లు వచ్చేవారక్కడికి. పట్టిన చేపను ఫొటో తీసుకుని మళ్లీ నీళ్లలో వదిలేయడం రివాజు. కానీ అది అభయారణ్యం. అందుకే 2010 తర్వాత అక్కడ గాలం సరదాకు తెరపడింది. ఈ సంగతి తెలియక పాత వ్యాసాలు చదివి మురిసిపోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

‘మనకు చెరువులు తక్కువైనయా?’ అని అడిగాడు బ్యాంకులో రిటైరైన మిత్రుడు. ప్రశ్న న్యాయమైందే. కాకతీయుల గడ్డమీద పుట్టి నీళ్ల కోసం నీలగిరులు ఎక్కడమేమిటి? నర్సంపేట దాటితే పాకాల. గణపతిదేవుడి కాలంలో, 1213 ప్రాంతంలో కట్టింది. దాదాపు ముప్పై చదరపు కిలోమీటర్ల నీళ్లు. అదే 1213 నాటి శాసనమున్న రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. దాని పక్కన రామప్ప చెరువు. ఇంకాస్త ముందుకెళితే దీవులూ, వేలాడే వంతెనతో లక్నవరం. చూడ్డానికి ఇంతకన్నా ఏం కావాలి!

చూడ్డానికైతే సరే. గాలం వేయడం వేరే సంగతి. పాకాల చుట్టూ అభయారణ్యం. అక్కడ అటవీశాఖ మాటే చెల్లుతుంది. మిగతా చెరువుల్లో చాలావాటిమీద చేపల హక్కు మత్స్య సహకార సంఘాలది. ముదిరాజులు, గంగపుత్రులు తరతరాలుగా చేస్తున్న వృత్తి. లీజు కట్టి, వానాకాలంలో పిల్లల్ని వదిలి, ఎండలు ముదిరి నీళ్లు తగ్గేదాకా కాపలా కాస్తే అప్పుడు నాలుగు డబ్బులు. పట్నం నుంచి టోపీ పెట్టుకొచ్చిన పెద్దమనిషి సరదాగా లాగిన రెండు కిలోల బొచ్చె, ఎవరో ఒకరి ఇంటి వాటా. ఈ ముక్క చాలామంది విహారయాత్రికులకు తట్టదు.

ఇక గోల్ఫు. పద్దెనిమిది గుంతల కోర్సు కావాలంటే హైదరాబాద్ బాట పట్టాల్సిందే. గోల్కొండ నయాఖిల్లాలో ఒకటి, గచ్చిబౌలి వైపు బండరాళ్ల మధ్య బౌల్డర్ హిల్స్ ఇంకొకటి. నయాఖిల్లాలో బంతి కొట్టినా కొట్టకపోయినా ఆ మహావృక్షం చూసి రావొచ్చు. హాతియాన్ కా ఝాడ్ అంటారు, వందల ఏళ్లనాటి బావోబాబ్. ఆటేమో పొద్దున్నే మొదలుపెట్టాలి. ఒక రౌండు పూర్తయ్యేసరికి నాలుగు గంటలు, ఆరేడు కిలోమీటర్ల నడక. నలుగురికి మించి ఒక జట్టుగా పంపరు. హన్మకొండ నుంచి నూట నలభై కిలోమీటర్ల పైన ప్రయాణం కాబట్టి రాత్రే వెళ్లి హోటల్లో దిగాలి. సభ్యులు కానివాళ్లకు రుసుము ఎక్కువ, ఆదివారమైతే ఇంకా ఎక్కువ. ఇంతాచేసి ఆరుగురిలో ఆట వచ్చింది ఇద్దరికే! ఒకరు డల్లాస్ ఆయన, ఇంకొకరు బిల్లుల కోసం ఆఫీసర్లతో తిరిగి నేర్చుకున్న కాంట్రాక్టరు.

బ్యాంకు మిత్రుడు లెక్కేశాడు. హోటలు, కార్లు, గోల్ఫు, లక్నవరంలో కాటేజీలు... తలా పాతిక వేలు. గ్రూపులో పెట్టాడు. నాలుగు బొటనవేళ్లే వచ్చాయి.

ఐదోది లెక్చరర్‌ది. ప్రైవేటు జూనియర్ కాలేజీలో ముప్పై రెండేళ్లు లెక్కలు చెప్పి ఇంటికొచ్చిన మనిషి. పింఛను లేదు. కాసేపటికి మెసేజ్ వచ్చింది. ‘నాకు కుదరదురా. మనుమరాలి అన్నప్రాసన ఉన్నది. మీరు పోయిరాండ్రి’.

ఆ మనుమరాలికి మూడేళ్లు. అన్నప్రాసన పాయసం వీళ్లలో నలుగురు ఏనాడో తిన్నారు.

గ్రూపులో ఎవరూ నోరెత్తలేదు. ఆ రాత్రి డల్లాస్ నుంచి బ్యాంకు మిత్రుడికి ఫోను. ‘వాని వాటా నేను కడత’.

‘ఆ మాట గ్రూపుల అన్నవో, వాడు మల్ల జన్మల రాడు.’

నిజమే. ఇలాంటి టూర్లు తప్పిపోయేది తేదీలు కుదరక కాదు, పర్సులు కుదరక. పిల్లల చదువులనీ, మోకాళ్ల నొప్పులనీ, అన్నప్రాసనలనీ పేర్లు మారుతుంటాయంతే. కలిసి చదివినప్పుడు అందరి జేబులోనూ ఒకటే బస్ పాసు. నలభై ఏళ్ల తర్వాత అంకెలు వేరు. ఎక్కువ ఉన్నవాడు ఇవ్వగలడు. పుచ్చుకున్నవాడు మర్నాడు పొద్దున ఏ ముఖంతో జోకు వేస్తాడు? అందుకే తెలివైన బృందం వాటా తగ్గించదు, టూరునే తగ్గిస్తుంది.

దారి దొరికింది మాత్రం చేపల వల్లే. లెక్చరర్ సొంతూరు హన్మకొండకు పాతిక కిలోమీటర్లు. ఊరి చెరువు మీద సంఘానికి హక్కు. అందులో ఆయన తమ్ముడు సభ్యుడు. ‘అన్నప్రాసన సంగతి తర్వాత. మీ తమ్మునితోటి ఒక మాట అడిగి పెట్టు, మాకు చెరువు కావాలె’ అని కాంట్రాక్టరు ఫోన్ చేశాడు. సాయం చేస్తామనడం కాదు, సాయం కావాలనడం. తేడా అక్కడుంది.

మర్నాడు గ్రూపులో ఏడు నిమిషాల వాయిస్ మెసేజ్. క్లాసు తీసుకున్నట్టే ఉంది. పట్టిన చేపల్ని కట్టమీద తూకం వేసి సంఘం చెప్పిన ధర కట్టాలి. కిలోకి తక్కువున్నది మళ్లీ నీళ్లలోకే. కట్టమైసమ్మ దగ్గర సీసాలు తీయొద్దు. తెల్లారగట్ల రావడం దండగ, చలికి చేప ఎర ముట్టదు, ఎండెక్కినంక రండి. బొచ్చె పైనీళ్లలో తిరుగుతుంది, రోహు నడుమ, మ్రిగాల అడుగున. దేనికి కావాలంటే ఆ లోతుకు బెండు కట్టుకోవాలి. కొర్రమట్టకు పిండి పనికిరాదు, అది కదిలేదాన్నే పడుతుంది. కప్పపిల్లో, ఎర్రో కావాలి. మన రాష్ట్ర చేప కదా, ఆమాత్రం దర్జా ఉంటుంది!

నాలుగు రోజుల టూరు రెండు రోజులైంది. డల్లాస్ ఆయన శంషాబాద్‌లో దిగుతాడు. మర్నాడు ఆట వచ్చిన ఇద్దరూ గోల్ఫు ఆడుకుంటారు, ఖర్చు వాళ్లదే. ఓపికున్నవాళ్లు వెంట నడుస్తారు, లేనివాళ్లు చెట్టు చూస్తారు. ఆ మరునాడు చెరువు. బువ్వ లెక్చరర్ వాళ్ల ఇంట్లో. తలా నాలుగు వేలు కూడా దాటలేదు.

‘గోల్ఫు దినం నేను రాను’ అన్నాడు లెక్చరర్. ఈసారి సాకు కాదు. ఒకరోజు ముందే తవుడు, పల్లి చెక్క కలిపి గాలం వేసేచోట మేత చల్లాలి. లేకపోతే చేప అటు రాదు. ఆ పని తమ్ముడికి వదిలితే తానే చేసినంత శ్రద్ధగా చేయడని ఆయన నమ్మకం.

మిగిలింది ఒక్క సందేహం. అమెరికాలో రెండొందల డాలర్లు పెట్టి కొన్న గాలం కర్ర ఉంది, తెచ్చుకోవచ్చా అని అడిగాడు డల్లాస్ మిత్రుడు. లెక్చరర్ తమ్ముణ్ని అడిగి జవాబు పెట్టాడు.

‘తెచ్చుకోమన్నడు. ఎందుకైనా మంచిదని వెదురు కర్ర ఒకటి పక్కకు పెడతడట.’