పిన్నల చులకన — మన మాటతీరు



ఈ కాలపు పిల్లలకు పెద్దలయెడ గౌరవము లేదని మనమందఱము వగచుచున్నాము. ఆ యగౌరవము ఎచ్చట మొలకెత్తుచున్నదో విచారించువారు అరుదు. మా యింట జరిగినదానిని దాపఱికము లేక చెప్పెదము.

మేము మైపాడు చేరువనున్న యొక పల్లెలో నున్నాము. డెబ్బదియైదేండ్ల మా యత్తగారు సెల్‌ఫోను వాడుట తెలియక తికమకపడుచుండగా, పండ్రెండేండ్ల మా పిల్లవాడు పకపక నవ్వెను. మేము మందలించితిమి. వాడు వెంటనే, “అమ్మా! నిన్న వంటయింటిలో నీవును అవ్వకు చాదస్తమని విసుగుకొంటివి గదా!” అనెను. మా తల వంగిపోయెను. భారతము చదువుకొన్న గర్వమంతయు ఆ క్షణమున నణగినది.

నాటినుండి నీతులు చెప్పుట మాని, వారిద్దఱికి నొక పని కల్పించితిమి. బకింగ్‌హామ్ కాలువనుగూర్చి అవ్వనడిగి వ్రాయుమని వానితో జెప్పితిమి. తాము బాల్యమున పడవనెక్కి ప్రయాణము చేయుట, ఉప్పును కట్టెలును పడవలలో పోవుట, గాలి లేనప్పుడు పడవవారు గట్టువెంట నడచుచు త్రాటితో పడవను లాగుట అత్తగారు వర్ణించిరి. 1989 నవంబరులో కావలియొద్ద తీరము దాటిన పెనుతుపానునాడు బిడ్డలను గుండెకు హత్తుకొని తెల్లవార్లు కూర్చుండుటయు చెప్పిరి. ఆ బిడ్డలలో తన తండ్రియు నొకడని తెలిసి వాడు మిన్నకుండెను. మఱునాడు అత్తగారికి ఫోనులో కుమార్తెతో మాటలాడుట నేర్పెను. వాడిప్పటికిని ఒక్కొక్కతఱి విసుగుకొనును. వెక్కిరించుట మాత్రము మానినాడు.

లోకమున ప్రతి యిద్దఱిలో నొకరికి వృద్ధులయెడ చులకనభావ మున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించినది. దానిని తగ్గించుటకు చట్టములు, విద్య, వేర్వేఱు తరములవారు కలసిమెలసి యుండుట అను మూడు మార్గములను జూపినది. మన దేశమున తల్లిదండ్రుల పోషణకై 2007లో చట్టమేర్పడినది. చట్టము కూడు పెట్టింపగలదు, ఆదరము పుట్టింపలేదు. అది మన మాటతీరులో నున్నది.

కావున పెద్దలను పిల్లలయెదుటనే కాదు, చాటునను కించపఱచి పలుకకుందము. దినమున కొక గడియయైన వారిద్దఱిని ఒకచో కూర్చుండబెట్టుదము. పెద్దలును ‘మా కాలమే మేలు’ అని పిల్లలను తెగడక, వారియొద్ద నొక క్రొత్తవిద్య నేర్చుకొనవలెను. నేర్పిన చేతికి నేర్చుకొన్నవారియెడ మమకారము కలుగుట సహజము. రేపు ఆ పీటపై కూర్చుండవలసినవారము మనమే గదా!