ఆసనం చూసి కాదు, దగ్గరుండి నేర్చుకోండి

కొత్త కాపురంలో ఆవకాయ పెట్టడం ఎలా నేర్చుకున్నామో గుర్తుందా? కొలతలు పుస్తకంలో రాసే ఉంటాయి. అయినా అమ్మ పక్కనో, అత్తగారి పక్కనో కూర్చుంటేగాని ముక్క ఎంత ఆరాలో, మూడోనాడు కలిపినప్పుడు నూనె ఎంత తేలాలో మనకి తెలియలేదు. యోగాసనాల సంగతీ అంతేనండీ. టీవీలోనూ, సెల్‌ఫోన్‌లోనూ చూస్తే ఆసనం ఎలా ఉంటుందో తెలుస్తుంది. మన మెడ ఎంతవరకు వంగొచ్చో, ఎక్కడ ఆపాలో తెలియదు. అది చెప్పడానికి మనల్ని చూసే మనిషి ఉండాలి.

2014లో ఐక్యరాజ్యసమితి జూన్ 21ని అంతర్జాతీయ యోగా దినంగా ప్రకటించాక ఆడవాళ్ళలో కూడా యోగా మీద ఆసక్తి బాగా పెరిగింది. సంతోషమే. దాంతోపాటు "మందా మాకా, ఆసనమేగా, ఏం చేస్తుంది?" అనే ధీమా కూడా పెరిగింది. మేలు చేసేది ఏదైనా, తప్పుగా చేస్తే కీడు కూడా చేస్తుంది.

శీర్షాసనమే చూడండి. ఒంటి బరువు తలమీదా, మెడమీదా పడుతుంది. ఆ భంగిమలో ఉన్నంతసేపూ కంట్లో ఒత్తిడి దాదాపు రెండింతలవుతుందని వైద్యులు కొలిచి చెప్పారు. నీటికాసులు, బి.పి., మెడ ఎముకల అరుగుదల ఉన్నవాళ్ళు దాని జోలికి పోకూడదు.

కపాలభాతి, భస్త్రిక కూడా అలాంటివే. పొట్టని విసురుగా లోపలికి లాగుతూ ఊపిరి వదలాలి. గర్భిణులు, సిజేరియన్‌గాని, గర్భసంచి తీసే ఆపరేషన్‌గాని అయి ఎన్నాళ్ళో కానివాళ్ళు, హెర్నియా, గుండెజబ్బు ఉన్నవాళ్ళు వీటిని చేయకూడదు. నెలసరి రోజుల్లో కూడా మానెయ్యమనే చెబుతారు. పతంజలి యోగసూత్రాల్లో సైతం ముందు ఆసనం, ఆ తర్వాతే ప్రాణాయామం. మనవాళ్ళేమో మొదటిరోజే భస్త్రికతో మొదలుపెడతారు!

జలనేతికి ఇంకా జాగ్రత్త కావాలి. 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయి నీళ్ళతో ముక్కు కడుక్కున్న ఇద్దరు, ఆ నీళ్ళలోని అమీబా మెదడుకి చేరి చనిపోయారు. తాగడానికి పనికొచ్చే నీళ్ళన్నీ ముక్కుకి పనికిరావు. కనీసం మూడు నిమిషాలు మరగకాచి, గోరువెచ్చగా చల్లార్చిన నీళ్ళే వాడాలి. అరలీటరుకి ఒక టీస్పూను ఉప్పు సరిపోతుంది. పాత్రని వాడిన ప్రతిసారీ కడిగి ఆరబెట్టాలి. మొదటిసారి మాత్రం నేర్పేవాళ్ళ ఎదుటే చెయ్యండి.

మరి మంచి గురువుని ఎలా పోల్చుకోవడం? ఎక్కడ, ఎన్నాళ్ళు నేర్చుకున్నారో మొహమాటపడకుండా అడగండి. లోనావళాలో 1924లో స్వామి కువలయానంద స్థాపించిన కైవల్యధామ, ముంగేరులోని బీహార్ స్కూల్ ఆఫ్ యోగా వంటివి ఎన్నో ఏళ్ళుగా గురువుల్ని తయారుచేస్తున్నాయి. కేంద్ర ఆయుష్ శాఖ ఆధ్వర్యంలోని యోగా సర్టిఫికేషన్ బోర్డు కూడా పరీక్షపెట్టి సర్టిఫికెట్లు ఇస్తుంది. అయితే గోడమీద సర్టిఫికెట్ ఒక్కటే చూసి ఊరుకోకండి. ఈ నాలుగూ కూడా చూడండి:

1. చేర్చుకునే ముందే మీ వయసు, జబ్బులు, ఆపరేషన్లు, వాడే మందులు అడగాలి.

2. మీరు చేస్తుంటే మిమ్మల్ని చూడాలి. ముందు వరుసలో తను చేసుకుంటూపోతే చాలదు. మోకాళ్ళ నొప్పులున్నవారికి కుర్చీమీద చేసే పద్ధతి చూపించగలగాలి.

3. "నొప్పి వచ్చినా ఓర్చుకో" అనకూడదు. సరిచెయ్యడానికి ఒంటిమీద చెయ్యి వేసేముందు మిమ్మల్ని అడగాలి. ఇబ్బందనిపిస్తే "వద్దండీ, నోటితో చెప్పండి" అనడం అమర్యాద కాదు.

4. "బి.పి., షుగరు మాత్రలు మానెయ్యండి" అనకూడదు. అలా అన్నవారికి ఆ రోజే నమస్కారం పెట్టి వచ్చెయ్యండి. మందు మార్చేది డాక్టరే.

ఇక మనవైపు నుంచి ఒక్కమాట. మనలో చాలామంది గురువు అడిగినా "నాకేం లేదండీ, బాగానే ఉన్నాను" అంటాం. నలుగురిలో నెలసరి గురించో, గర్భసంచి ఆపరేషన్ గురించో, దగ్గితే మూత్రం పడటం గురించో ఎలా చెప్పడం అని సిగ్గు. ఎంత మంచి గురువైనా మనం దాచినది చూడలేరు కదా! క్లాసుకి ఓ పావుగంట ముందు వెళ్ళి, విడిగా చెప్పండి. చెప్పలేకపోతే చీటీ మీద రాసి ఇవ్వండి. మగ గురువు దగ్గర బెరుకైతే ఆడవాళ్ళు నేర్పేచోటు వెతుక్కోండి.

రోజూ క్లాసుకి వెళ్ళడం కుదరదంటారా? రెండు, మూడు నెలలు ఎదురుగా నేర్చుకుని, ఆపైన వచ్చినవరకే ఇంట్లో చేసుకోండి. కొత్త ఆసనం మాత్రం సొంతంగా మొదలుపెట్టవద్దు. భోజనమయ్యాక మూడు, నాలుగు గంటలు ఆగాలి. ఇరవై నిమిషాలు చేసినా చాలు, చివర్లో శవాసనం మాత్రం మానకండి. కళ్ళు తిరిగినా, గుండెల్లో బరువనిపించినా, చేతులూ కాళ్ళూ తిమ్మిరెక్కినా వెంటనే ఆపేసి డాక్టరుకి చూపించుకోండి. పక్కింటి వదినగారు నెలరోజుల్లో శీర్షాసనం వేస్తే వెయ్యనివ్వండి. మనకి ఆరునెలలు పట్టినా, అసలు వెయ్యకపోయినా లోటేం లేదు.