శోకానంతరము: ‘విముక్త’ కథలపై ఒక అభిప్రాయము

2010లో వెలువడి, 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారమును పొందిన ఓల్గా ‘విముక్త’ కథలను కరుణరసప్రధానములని ఒక్క మాటతో తేల్చివేయుట మన శాస్త్రపరిచయము వారికి సులభము. ఆ నిర్ణయము నాకు సమ్మతము కాదు.

భరతుడు కరుణమును నిరపేక్షభావమనియు, విప్రలంభమును సాపేక్షభావమనియు విభజించినాడు. పునస్సమాగమమున ఆశ మిగిలినచో విప్రలంభము, నశించినచో కరుణము. వాల్మీకమున భూప్రవేశము చేసిన సీతను భవభూతి ఉత్తరరామచరితమున రామునితో కలిపినాడు. (ఇతిహాసమును మార్చినదని ఓల్గాను ఆక్షేపించువారు దీనిని స్మరింపవలెను.) కుమారుని కోల్పోయిన నా సహాధ్యాపకుడొకరు ఊరట కొరకు ఆ నాటకమును తెరచి, సప్తమాంకమున మూసివేసినారు. “ఆయనకు అందరును తిరిగి వచ్చినారు” అని మాత్రమే అన్నారు. ఆ మాటకు నాయొద్ద సమాధానము లేకపోయినది. రసము సహృదయునిది, పోయినది తిరిగి రానప్పుడు ఆ పాత్ర మరునాటి ఉదయమును ఎట్లు గడుపునన్న ప్రశ్న రసచర్చలో మనకు ముఖ్యము కాలేదు.

‘సమాగమం’ కథ అచ్చటనే మొదలగును. శీర్షికను చూచి దంపతుల కలయిక అనుకొందుము. కలిసినది సీతయు శూర్పణఖయు. ముక్కుచెవులు కోల్పోయిన శూర్పణఖ ఆ ద్వేషముతో చిరకాలము పెనగులాడి, తుదకొక పూలతోటను పెంచుకొన్నది. పోయిన రూపము రాలేదు, పగ తీరలేదు. మొక్కలకు నీరు పోయు పని మాత్రము దినదినము ఉన్నది. దీనిని శాంతమనుటకును నాకు మనసొప్పదు. శాంతమునకు నిర్వేదము మూలమని కొందరు చెప్పిరి. ఈమెకు లోకముపై విరక్తి లేదు, మక్కువ పెరిగినది.

‘సైకత కుంభం’ మరింత కఠినము. భర్త ఆజ్ఞను, కుమారుని గొడ్డలిని అనుభవించిన రేణుక, పుత్రులే సర్వస్వమనుకొను సీతతో మాట్లాడును. ఆషాఢమున సికింద్రాబాదు వీధులలో బోనమెత్తు తల్లులకు ఈ రేణుక ఎల్లమ్మగా సుపరిచిత. శోకమునకు సంతానమే మందని చెప్పు కథలు మనకెన్నియో ఉన్నవి; ఈ తల్లి ఆ మందునే శంకించినది.

ఒక్క కొరత. ఈ కోలుకొనుట చాలవరకు సంభాషణలలోనే జరిగిపోవును. శూర్పణఖ పెనగులాడిన ఏండ్లను ఆమె నోట విందుమే గాని, కన్నులారా చూడము. నా మిత్రునికి పుస్తకమునిచ్చినపుడు ఈ మాట కూడ చెప్పితిని. ఆయన దానిని ఇంకను తిరిగి ఇయ్యలేదు.